మా చుట్టాల గ్రూపూ, నీరటి పెద్దబాపూ

నిజామాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్లు చెబుతాను. మనం ఫోన్లో దాచుకునే ఫొటోలూ వీడియోలూ ఎక్కడో పెద్ద భవనాల్లో, ఆగకుండా నడిచే యంత్రాల్లో ఉంటాయి. వాటిని నడపడానికీ చల్లబరచడానికీ బోలెడు కరెంటు కావాలి. అందులో చాలా భాగం బొగ్గు కాల్చి తీసేదే. ఒక పాఠం కోసం ఇదంతా వివరంగా చదివాక మనసాగక, ఫోన్లో మా చుట్టాల గ్రూపుకు పొడుగాటి వ్యాసం రాసి పెట్టాను. మా బావ ఒకాయన దండం బొమ్మతో జవాబిచ్చాడు. వెంటనే ఆయనే "శుభోదయం" అంటూ మంచు చుక్కల గులాబీ పువ్వు పంపాడు.

తర్వాతి ఆదివారం బోధన్ దగ్గర మా పెద్దవ్వ ఇంటికి వెళ్లాను. పెద్దవ్వ మా అమ్మకు అక్క. ఆమె భర్త, మా పెద్దబాపు, ఊరి నీరటిగా పనిచేసినవాడు. కాలువ నీళ్లు ఏ పొలానికి ఎంతసేపు పారాలో చూసి తూములు ఎత్తడం, దించడం ఆయన పని. చెరుకు పోయి వరి వచ్చినా, నీళ్ల తగాదా వస్తే ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు.

నేను చెప్పులు విడవకముందే పెద్దవ్వ తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"బిడ్డా, గిది నిండిందంటున్నది. మనుమరాలి ఫొటో వస్తలేదు. జర ఖాళీ చెయ్యి."

తెరిచి చూస్తే బావ పంపిన ఆ గులాబీయే పదిహేడు సార్లుంది. మనుమడి పెండ్లి వీడియో నలుగురు పంపితే నాలుగు సార్లుంది. అవన్నీ వాటంతటవే దూరపు యంత్రాల్లోకి ఇంకో నకలుగా పోతున్నాయి. గ్రూపులో అరవై మందికి పైనే ఉన్నాం. ఆ మాటే పెద్దబాపుకు చెప్పాను.

"అంటే ఆ పువ్వు అందరిండ్లల్ల పారుతున్నదా?" అన్నాడు.

"ఎవ్వలు చూడకున్నా పారుతనే ఉంటది పెద్దబాపూ."

ఆయన ఒక కట్టెపుల్ల తీసుకుని వాకిట్లో కాలువ గీశాడు. దానికి పిల్లకాలువలు, వాటి చివర పొలాలు.

"నువ్వు పొలం పొలానికి పోయి నీళ్లు ఖరాబు చెయ్యకుండ్రి అని మొత్తుకున్నవ్. ఎవ్వలింటరు? నీళ్లు యాడికెళ్లి వస్తున్నయి, ఎందుకిడిసిండ్రు, ముందుగాల గది అడగాలె. తూము యాడున్నదో సూడాలె."

అడిగాం. బావకు ఫోన్ చేస్తే తన బిడ్డ పంపిందన్నాడు. ఆ పిల్లను అడిగితే నవ్వింది. "మీ పెద్దవ్వనే పెడ్తది గదా, రోజు పొద్దుగాల," అంది.

పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు చాటు నుంచే చెప్పింది.

"ధర్పల్లిల నా ఆడబిడ్డ ఒక్కతే ఉంటది. ఆమె పెనిమిటి పోయినంక ఏం మాట్లాడాల్నో నాకు తోయలే. పువ్వు పెట్టిన. ఇప్పుడు పొద్దుగాల పువ్వు కనపడకుంటే నాకేమన్న అయిందేమో అని ఆమెకు బుగులు. ఒక్కదానికే పంపుడు నాకు రాదు, అందరికి పెడుతున్న."

నాకు సిగ్గేసింది. నా వ్యాసంలో దాన్ని చెత్త అని రాశాను.

"మిస్డ్ కాల్ ఇయ్యరాదే! రెండుసార్లు మోగితే ఉన్నవన్నట్టు," అన్నాడు పెద్దబాపు.

పెద్దవ్వ, పెద్దబాపు ఇద్దరి ఫోన్లలోనూ నకళ్లు తుడిచేసి, అన్నీ వాటంతటవే దాచుకునే ఏర్పాటు తీసేశాను. వ్యాసాలు మన చుట్టాలకు పట్టవని, పెద్దబాపునే గ్రూపు కోసం గొంతు రికార్డు చేసి మాట్లాడమన్నాను. ఆయన ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని, ఎదుట మనుషులున్నట్టే చెప్పాడు. కాలువ మొదట్లో పొలమున్న ఒకాయన ఒక ఎండాకాలం తూము దించకుండా పెండ్లికి పోయాడట. నీళ్లన్నీ వాగులో కలిశాయి. చివరి పొలం నెర్రెలు బారింది. ఆ పొలం ఎవరిదని చూస్తే ఆయన సొంత వియ్యంకుడిదే.

"మీ ఫోన్లల్ల గుడ్క గసోంటి తూమొకటున్నది. మా బిడ్డ చూపెడ్తది, దించుండ్రి," అని ముగించాడు.

సాయంత్రానికి మొదటి ఫోన్ బావదే. "మరదలా, ఆ తూమేదో నాకు జర చెప్పు." రెండు వారాల్లో ఇరవై మంది దాకా అడిగి చేయించుకున్నారు. పెండ్లి వీడియో ఒక్క ఇంట్లో ఉంచి మిగతావాళ్లు తీసేశారు. ఒక చిన్నాయనకు తను పంపిన వీడియో తీసేశారని కోపమొచ్చి గ్రూపులోంచి వెళ్లిపోయాడు, వారానికి మళ్లీ వచ్చాడు. దీంతో ఎంత బొగ్గు మిగిలిందో నేను లెక్క కట్టలేదు, చిటికెడే అయి ఉంటుంది. కాలేజీలో మాత్రం ఆ పాఠం ఇప్పుడు బోర్డు మీద కాలువ గీసి మొదలుపెడుతున్నాను.

పువ్వుకు బదులు రెండుసార్లు మోగించే ఒప్పందం మూడు రోజులే నడిచింది. నాలుగో రోజు ధర్పల్లిలో ఆడబిడ్డ ఫోన్ ఎత్తేసింది.

"వదినె, ఇన్నొద్దులు నువ్వేం కూర వండుకున్నవో కూడ తెల్వకపాయె," అందట.

ఆ రోజు అరగంట మాట్లాడుకున్నారు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో రమ్మని ఆమె పిలిస్తే పెద్దవ్వ బస్సెక్కి పోయింది. రెండు రోజులకని పోయి వారం ఉంది.