నీటిచుక్క లేని ముక్క

పంది మాంసానికి ఉప్పు పట్టించి బేకన్ చేసే ఫ్యాక్టరీలో తాతది ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగం. మాంసం పుట్టుకతోనే నీళ్ళు మోస్తుందనీ, ఉప్పు రుద్ది పదిరోజులు వేలాడదీస్తే చాలావరకు దిగిపోతాయనీ, మిగిలేదంతా కండా కొవ్వూ రుచేననీ ఆయన సిద్ధాంతం. ప్రతి ఆదివారం పళ్ళెం ముందు కూర్చుని, "చూశావా, చుక్క నీరుందా? ఇదీ నా చెయ్యి" అని మీసం దువ్వేవాడు. అమ్మమ్మ ఇంకో ముక్క వేసేది.

కొత్త మేనేజరు సూదుల మిషను తెచ్చాడు. అది మాంసంలోకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తుంది. పది కిలోలు పన్నెండవుతాయి, పదిరోజుల పని ఒక్కపూటలో తెములుతుంది. ఇక తాత ఉప్పుగదికి తాళమే. తాత ససేమిరా అనేసరికి, రెండు రకాలూ తన ఎదుటే వేయించి తేలుస్తానంది యజమానురాలు.

మేనేజరు ఎక్కడ మార్చేస్తాడోనని తాత తన ముక్కను ముందురోజే ఇంటికి తెచ్చి దాచాడు. అంత తెలివి ఆయనకే చెల్లింది.

మర్నాడు ఆఫీసు గదిలో పెనం వేడెక్కింది. మేనేజరు ముక్క సుయ్యిమని, ఎక్కించిన నీళ్ళన్నీ తెల్లటి నురగగా కక్కి ముడుచుకుపోయింది. తాత మీసం లేచింది. తర్వాత తాత ముక్క పడింది. అదీ సుయ్యిమంది, అదీ నురగ కక్కింది.

"ఏం పెద్దాయనా, ఉప్పుగదిలో వాన పడిందా?" అన్నాడు మేనేజరు.

తాత కొస చిదిమి నోట్లో వేసుకున్నాడు. మెత్తగా, చప్పగా, అచ్చం ఆదివారం ముక్కలా ఉంది. అప్పుడు వెలిగింది. ఇంటికి ఫోను చేస్తానన్నాడు. అందరికీ వినబడేలా పెట్టమంది యజమానురాలు.

"నిన్నటి ముక్కనేం చేశావ్?"

"రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున తుడిచి చుట్టానండీ. మీ యజమానురాలు తింటారన్నారుగా, పాపం, అంత ఉప్పు ఎలా తింటారు?"

"ఎప్పట్నుంచి ఈ పని?"

"పెళ్ళైన కొత్తలో మొదటిసారి తిన్నప్పట్నుంచి. మీరు ఏ రోజూ కాదనలేదుగా."

యజమానురాలు నవ్వు దాచుకుంటూ తానే ఉప్పుగదికెళ్ళి, కొక్కేనికున్న ముక్క కోయించి తెచ్చింది. అది తన కొవ్వులోనే నిదానంగా వేగింది. నురగా లేదు, ముడుచుకోవడమూ లేదు.

"ఉప్పుగది ఉంటుంది" అంది నములుతూ. గ్లాసెడు నీళ్ళు తాగింది. ఇంకో గ్లాసూ తాగింది. "కాకపోతే ఉప్పు ఎంత వెయ్యాలో మీ ఆవిడనడిగి వెయ్యండి."

తాత మీసం దువ్వడం మానేశాడు. నానబెట్టని ముక్క పెడితే మాత్రం ఇప్పటికీ పళ్ళెం పక్కకి జరిపేస్తాడు.