ఒక పొయ్యి, ఒక కుటుంబం

మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల కౌంటరు దగ్గర కూర్చునే గుమాస్తాను ఊళ్లో అందరూ లెక్కలమ్మ అనే పిలుస్తారు. పదేళ్లకోసారి జనాభా లెక్కలొచ్చినప్పుడు ఆవిడ ఫైలు చంకన పెట్టుకుని వీధుల వెంట పడుతుంది. ఊరు మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. నలభై వేల పైచిలుకు జనం. అందులో నూట ఎనభై ఆరు ఇళ్లు ఆవిడ వాటా. ఆవిడ కంటపడకుండా ఆ ఇళ్లలో ఒక మనిషిని దాచడం ఎవరి తరమూ కాదు.

ఆవిడకో పద్ధతి ఉంది. గుమ్మం ఎక్కేముందు చెప్పులు లెక్కపెడుతుంది. ఇంటాయన పళ్లికిలిస్తూ "ముగ్గురమేనండీ" అంటే, "మరి ఆ నాలుగో జత వాటంతటవే నడిచొచ్చాయా బాబూ?" అంటుంది. అప్పుడు వెనక గదిలోంచి అద్దెకుంటున్న నర్సో, మొగుడితో పోట్లాడి వచ్చిన ఆడపడుచో మెల్లగా బయటపడతారు.

అన్నదమ్ములిద్దరూ ఇంటి మధ్యన గోడ కట్టుకుని, తమది ఒక కుటుంబమా రెండా అని ఆవిడ ముందే తగువు పడితే, ఇద్దరినీ పక్కకు నెట్టి నేరుగా వంటింట్లోకి తొంగిచూస్తుంది. "ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబం. మిగతా గొడవ మీరూ మీరూ చూసుకోండి" అని తీర్పు చెప్పేస్తుంది. ఆ మాట శిక్షణలో చెప్పిందే. కానీ ఆవిడ నోట వింటే ఆవిడే కనిపెట్టిందనిపిస్తుంది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. లెక్కలమ్మ పనీ అలాగే అయింది.

లెక్క రాసేవాళ్లకు ఒక అలవాటుంది. సొంత ఇంటి కాగితాన్ని అన్నిటికంటే ఆఖర్న, ఆఫీసు బల్ల మీదే నింపేస్తారు. మన ఇల్లు మనకు తెలియదా, దానికోసం మళ్లీ మన గుమ్మమెక్కి మనల్నే అడగాలా? ఆవిడా అంతే చేసింది. మొదటి గడిలో యజమాని, అంటే బస్సు డిపోలో మెకానిక్కుగా చేస్తున్న భర్త. తర్వాత తను. ఆ తర్వాత కొడుకు, కూతురు. ఐదో గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది.

యజమానికి ఏమవుతారు అన్నచోట రాయడానికి భార్య ఉంది, కొడుకు ఉన్నాడు, అత్త ఉంది, ఆఖరికి పనిమనిషి కూడా ఉంది. ఇంట్లోనే ఉంటున్న తన అక్కకు సరిపడే మాట, 'భార్యకు అక్క' అన్నది, మాత్రం అందులో లేదు. అలాంటివాళ్లందరికీ కలిపి 'ఇతరులు' అన్న ఒక్క మాట ఉంది. అక్కను పట్టుకుని ఇతరులని రాయడానికి ఆవిడకు చెయ్యాడలేదు. సూపర్వైజరును అడిగి రాద్దామని ఆ గడి వదిలేసింది. ఇంతలో ఆ సూపర్వైజరే "అమ్మా, కట్టలు బండెక్కిస్తున్నాం, మీవి తెండి" అని కేకేశాడు. మొత్తం అన్నచోట నాలుగు వేసి, సంతకం చేసి, కట్ట ఇచ్చేసింది. మళ్లీ ఆ సంగతే తలవలేదు.

ఈ అక్క సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ల కిందట చెల్లెలి మొదటి కాన్పుకు సాయం ఉందామని మూడు నెలలు సెలవు పెట్టి వచ్చింది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడంలో ఆమె చేతికి తిరుగులేదని పేరు. మూడు నెలలు ఆరయ్యాయి. పిల్లాడికి జబ్బు చేసింది, తర్వాత రెండో కాన్పు వచ్చింది, ఈలోగా ఫ్యాక్టరీవాళ్లు ఆమె కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టారు. ఆమె పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన చెల్లెలికి అది ఎత్తకపోవడమే సుఖంగా ఉంది. ఇది నేనంటున్న మాట కాదు, తర్వాత ఆవిడే ఒప్పుకుంది.

ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించేది అక్క. ఆఖర్న కట్టేసేదీ అక్కే. కూరల బజారుకు వెళ్లినా, బట్టలుతికే బండ దగ్గరికి వెళ్లినా పెరటి గుమ్మంలోంచే తిరుగుతుంది కాబట్టి చెప్పులు పెరట్లోనే విడుస్తుంది. వీధి గుమ్మం దగ్గర ఎప్పుడు చూసినా నాలుగు జతలే. పోయినసారి లెక్కల్లో ఆ వీధి వేరేవాళ్లకు పడింది. అప్పుడు తలుపు తీసి జవాబు చెప్పింది అక్కే, అందుకని లెక్క సరిపోయింది.

ఇళ్లవారీ జాబితాలు వార్డు ఆఫీసు గోడకు అంటించి, తప్పులుంటే చెప్పమని పది రోజులు గడువిచ్చారు. ఎనిమిదో రోజున లెక్కలమ్మ అక్కడికి వెళ్తే అటెండరు టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"మొన్న మీ అక్కగారొచ్చారమ్మా."

"మా అక్కా? ఎందుకు?"

"పక్కింటి పెద్దావిడకు చూపు ఆనదుగా, ఆవిడ పేరుందో లేదో చూసి పెట్టడానికి. అది దొరికింది. తర్వాత మీ ఇంటి దగ్గర వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. పైకీ కిందకీ రెండుసార్లు చూసుకున్నారు. పేరు రాలేదా అండీ, ఫారం ఇవ్వనా అని నేనే అడిగాను."

"ఏమంది?"

"వద్దు బాబూ, మా చెల్లెలు రాసిందంటే లెక్క తప్పదు అన్నారు."

లెక్కలమ్మకు తల కొట్టేసినట్టయింది. అక్క కోపంగా అని ఉంటే బాగుండేది. వెటకారానికి అన్నా తట్టుకునేది. అక్కకు వెటకారం రాదు. నిజంగా నమ్మే అని ఉంటుంది. మూడు రోజులుగా అదే మనిషి టిఫిన్ డబ్బా కట్టిచ్చింది, చీరకు ఊడిన అంచు కుట్టిపెట్టింది, ఒక్క ముక్క అనలేదు.

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మరిచిపోయానని సర్దిచెప్పుకుందామంటే మనసు ఒప్పుకోలేదు. బస్సు టిక్కెట్లప్పుడు నాలుగు అంది. పెళ్లిళ్లకు పిలిస్తే నలుగురం వస్తామంది. ఇంటికి తాళం వేసే పని లేదు, అక్క ఉంటుందిగా అనుకుంది. గోడ మీది ఫొటో తీసినరోజు అక్క వాళ్లందరి సంచులూ పట్టుకుని ఫొటోగ్రాఫరు పక్కన నిలబడింది. అలా ఇరవై రెండేళ్లుగా నాలుగే చెబుతూ వచ్చింది, కాగితం మీద వేయడం మాత్రం మొన్న వేసింది. ఊళ్లో ఎవరింట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే చిటికెలో పట్టేసేది. అది తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

డిపో నుంచి భోజనానికొచ్చిన భర్తకు చెబితే, "పోనిద్దూ, కాగితమేగా" అన్నాడు. నిన్నటిదాకా తనూ అదే అని ఉండేది. అందుకే ఆ మాట పుండు మీద కారం చల్లినట్టుంది.

వదిలేసిన మనిషిని చేర్చాలంటే ఒక నియమం ఉంది. లెక్క రాసినవాళ్లే ఆ ఇంటికి వెళ్లాలి, ఆ మనిషినే అడగాలి, ఎదురుగా సంతకం పెట్టించుకోవాలి. మర్నాడు మధ్యాహ్నం లెక్కలమ్మ ఫైలు పట్టుకుని తన వీధి గుమ్మమే ఎక్కి, తేలు కుట్టిన దొంగలా వంటింటి దగ్గర నిలబడింది. అక్క గిన్నెలు తుడుస్తోంది. ఫారం చూసి చేతులు తుడుచుకుని పీట మీద కూర్చుంది.

"అడగవే మరి. ఊరందరినీ అడుగుతావుగా."

"ఎన్నేళ్లుగా ఉంటున్నారు?"

"ఇరవై రెండేళ్లు. నీ కొడుకు పుట్టడానికి పదకొండు రోజుల ముందు వచ్చాను."

"చేసే పని?"

అక్క ఆలోచించింది. "అందులో ఏముంటాయో నువ్వే చూడు."

యజమానికి ఏమవుతారన్న ప్రశ్న దగ్గర లెక్కలమ్మ తలెత్తలేకపోయింది. అక్కే ఫారం మీదికి వంగి చదువుకుని, "ఇతరులని ఉందిగా, రాసెయ్యి. మీ ఆయనకు నేను ఇతరురాలినేగా, అందులో తప్పేముంది?" అంది. రాయక తప్పలేదు. కన్నీళ్లు అక్షరాల మీద పడకుండా ఫారం పక్కకు జరుపుకుంది.

ఆఖరి గడి, మొదటిసారి ఎందుకు రాయలేదో కారణం. "ఊరెళ్లిందని రాయి. పై ఆఫీసులో నీకు మాట రాకుండా ఉంటుంది" అంది అక్క.

ఆ మాటతో లెక్కలమ్మ ఇక ఆగలేకపోయింది. వెక్కుతూనే రాసింది. 'మనిషి ఇంట్లోనే ఉన్నారు. పొయ్యి ఆమెదే. రాసినవారు చూడలేదు.'

అక్క ఆ మూడు ముక్కలూ చదివి సంతకం పెట్టింది. పెన్ను తిరిగిచ్చి, "ఒకటో తారీఖు నుంచి కుట్టు నేర్పే బడిలో పిల్లలకు కాలర్లు నేర్పడానికి రమ్మన్నారే. పక్కనే గది కూడా చూశాను. వస్తానని మాటిచ్చాను" అంది.

"నా మీద కోపంతోనా అక్కా?"

"కోపమెందుకే పిచ్చిదానా. ఆ గోడ దగ్గర నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. నేను మూడు నెలలకని వచ్చాను. వెళ్లడం మరిచిపోయాను, అంతే."

లెక్కలమ్మ కాళ్లు పట్టుకుంది. పిల్లలు బతిమాలారు. కాగితమేగా అన్న మనిషి కూడా రెండు రోజులు ముద్ద సరిగా మింగలేదు. ఒకటో తారీఖున అక్క తన కుట్టుమిషనుతో రిక్షా ఎక్కింది.

తర్వాతి నెలలో తుది జాబితా వచ్చింది. ఆ ఇంటికి ఎదురుగా ఐదని ఉంది. లెక్కించిన రోజున ఎవరున్నారో వాళ్లే లెక్క కాబట్టి కాగితం మీద అక్క పదేళ్లపాటు ఆ ఇంట్లోనే ఉంటుంది. చాలామంది వచ్చి, లెక్కలమ్మ తన తప్పు తనే దిద్దుకుంది చూశారా అని మెచ్చుకున్నారు. ఆవిడ అక్కడ నిలబడలేక వెళ్లిపోయింది.

ఆ ఆదివారం మొదటిసారి అక్క గదికి వెళ్లింది. మేడ మీద వరసగా నాలుగు గదులు, మూడోది అక్కది. లోపల మిషను చప్పుడు వినిపిస్తోంది. అలవాటు కొద్దీ గుమ్మం ముందే ఆగి చెప్పులు చూసింది. ఒకటే జత, గుమ్మానికి ఎదురుగా, సమంగా పెట్టి ఉంది. వాటి పక్కన తన చెప్పులు విడవడానికి ఆవిడకు మొహం చెల్లలేదు. వెనకవైపునుంచి వెళ్దామని వరండా చివరిదాకా నడిచి చూసింది.

ఆ గదికి పెరటి గుమ్మం లేదు.