అత్తమ్మ గదిలో కెమెరా

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయినప్పుడు మేము ఇల్లందులో, గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. నా భర్తకు గనిలో షిఫ్టుల డ్యూటీ. నేను టేకులపల్లి దగ్గర ఒక ప్రభుత్వ బడిలో టీచర్‌ను. ఆయనకు తెల్లవారుజామున వెళ్లే మొదటి షిఫ్టు పడిన వారాల్లో, ఆయన తిరిగి వచ్చేదాకా అత్తమ్మ ఒక్కతే ఉండాల్సి వచ్చేది. మంచం పక్కన నీళ్లు, బిస్కెట్లు పెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్లేదాన్ని. బస్సు అడవి దారి పట్టినా నా మనసు మాత్రం ఆ మంచం దగ్గరే ఉండేది.

అందుకే కెమెరా పెట్టించాం. బస్టాండు పక్కన ఎలక్ట్రానిక్స్ దుకాణం నడిపే భాయ్ కొడుకును తోడు తెచ్చుకుని, స్వయంగా వచ్చి బిగించాడు. తాతల నాటి నుంచి ఆ ఊళ్లో రేడియోలు, టీవీలు బాగుచేసిన కుటుంబం వాళ్లది. తెల్లగా, గుండ్రంగా, పిల్లలు ఆడుకునే బంతి అంత ఉండేది ఆ కెమెరా. నా ఫోన్ మీద వేలితో జరిపితే దాని తల అటూ ఇటూ తిరిగేది. అందులోంచి మాట్లాడవచ్చు కూడా. బడిలో కాస్త తీరిక దొరకగానే, "అత్తమ్మా, మందేసుకున్నవా?" అని అడిగేదాన్ని. ఆమె గోడ మీదకు చూసి, "ఏసుకున్న బిడ్డా. నువ్వు తిన్నవా?" అనేది. అప్పుడు గానీ నాకు అన్నం ముద్ద దిగేది కాదు.

కొన్నాళ్లకు అత్తమ్మ నేను పలకరించకపోయినా దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. తన చిన్నప్పటి సంగతులు, చనిపోయిన మామయ్య మీద కోపాలు, కాలు నొప్పి, అన్నీ చెప్పుకునేది. "నువ్వు ఇంటున్నవనుకుంటే నాకు పొద్దు పోతది" అనేది. నేను నిజానికి వినేది కొంచెమే. అయినా ఔనని తలూపేదాన్ని.

వానాకాలంలో ఒక సాయంత్రం నేను ఇంటికి రాగానే అత్తమ్మ అడిగింది.

"ఇయ్యాల భాయ్ కొడుకు ఎందుకు మాట్లాడిండు బిడ్డా?"

"ఎక్కడ మాట్లాడిండు?"

"అండ్లనే, ఆ కెమెరాల. దాదీ, దాదీ అని పిలిచిండు. నేను ఎవరురా అంటే నవ్విండు."

నానమ్మను భాయ్ వాళ్ల ఇళ్లలో దాదీ అంటారు. అయినా నాకు ఏమీ అర్థం కాలేదు. జబ్బు మనిషి, పగలు నిద్రలో కల వచ్చి ఉంటుంది అనుకున్నాను. నా భర్తతో చెబితే ఆయనా అదే అన్నాడు. "డాక్టర్ చెప్పిండు గదా, గిట్లనే ఒక్కోసారి లేనివి ఇనబడతయని."

తర్వాతి ఆదివారం పొద్దున నేను అత్తమ్మకు ఒళ్లు తుడుస్తున్నాను. కిటికీలు మూసి ఉన్నాయి. వేడినీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని, ఆమె జాకెట్టు విప్పి వీపు తుడుస్తుంటే, గోడ మీద చిన్నగా చప్పుడైంది. దోమ రెక్కల చప్పుడు లాంటిది. తలెత్తి చూశాను. కెమెరా మెల్లగా తిరుగుతోంది. మా వైపు తిరిగి ఆగింది. నా ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంది. నా భర్త కూరగాయలకు వెళ్లాడు. యాప్ ఆయన ఫోన్‌లో లేనే లేదు.

నేను గబుక్కున అత్తమ్మ చీర కొంగు లాగి ఆమె మీద కప్పి, ఒక అడుగు పక్కకు వేశాను. కెమెరా కూడా నాతోపాటు పక్కకు జరిగింది.

అత్తమ్మ కుడి చేత్తో కొంగు పట్టుకుని, "చూసినవా, నేను చెప్తే ఇనలే" అంది. కెమెరా లోపలి నుంచి ఎవరో ఊపిరి తీసినట్టు, ఆ వెంటనే చిన్న నవ్వు వినపడింది. నేను స్టూలు ఎక్కి తీగను ఒక్క గుంజు గుంజాను. దాని వెలుగు ఆరిపోయింది. ఆరిపోయాక కూడా దాని వైపు చూడలేక దుప్పటి తెచ్చి కప్పాను.

ఇన్ని నెలలుగా ఆ గదిలో ఏమేం జరిగిందో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. అత్తమ్మకు బట్టలు మార్చడం. బడి నుంచి రాగానే తడిసిన చీర నేను అక్కడే మార్చుకోవడం. బీరువా తాళంచెవి ఎక్కడ పెడుతున్నానో ఆమెకు గట్టిగా చెప్పడం. ఎవరు చూశారు? ఎప్పటి నుంచి? ఎంతమంది?

నా భర్త కూరగాయలతో తిరిగి వచ్చి, జరిగింది విని సంచి కింద పడేసి, "బిగించింది వాడే. పాస్‌వర్డ్ పెట్టింది వాడే. ఇంకెవరికి తెలుస్తది?" అన్నాడు. ఆయన కళ్లు చూసి నాకు ఇంకో భయం పట్టుకుంది. దాదీ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన ఏం చేస్తాడో అని వెంటనే బండి వెనక ఎక్కాను.

దుకాణంలో భాయ్ ఒక్కడే ఉన్నాడు. నా భర్త కౌంటర్ మీద చేత్తో కొట్టి, "మా ఇంట్ల ఆడోళ్లను చూస్తున్నవా?" అని అరిచాడు. వీధిలో పోయేవాళ్లు ఆగారు. భాయ్ మొహం తెల్లబోయింది.

"అల్లా తోడు అన్నా, నాకేం తెల్వదు. అసలేం జరిగిందో ముందు చెప్పుండ్రి."

నేను చెప్పాను. అతను అంతా విన్నాడు. ఫోన్ తీసి ఏదో వెతికాడు. అలాంటి కెమెరాల సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడిందని ఆ వారమే వచ్చిన ఒక వార్త కనిపించింది. కెమెరా నంబరు దొరికితే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే ఎక్కడి నుంచైనా ఎవరైనా లోపలికి రావచ్చట. కొత్త మోడళ్లకు కంపెనీ సరిచేసిన సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. మా ఇంట్లో ఉన్నది పాత మోడల్. దానికి ఇక ఏమీ ఇవ్వరని రాసి ఉంది.

భాయ్ అది చదివి మా వైపు చూడలేదు. ఇంటికి ఫోన్ చేశాడు. "జల్దీ ఆ కెమెరా వైర్ పీకెయ్. అమ్మీ గదిల ఉన్నది. ఏం అడగకు, ముందు పీకెయ్" అన్నాడు ఉర్దూ, తెలుగు కలిపి. ఫోన్ పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. వాళ్ల ఇంట్లోనూ అదే కెమెరా. ముసలి తల్లి, పెళ్లీడు కూతురు పడుకునే గదిలో.

నా భర్త చేయి కౌంటర్ మీద నుంచి మెల్లగా తీసేశాడు. కాసేపటికి, "ఇంకా ఎవరెవరికి పెట్టినవ్ భాయ్?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం నా భర్త, భాయ్ ఒకే బండి మీద, కెమెరాలు పీకిస్తూ వానలో తిరిగారు. క్వార్టర్లలో, పక్క గూడేల్లో, ఒక కిరాణా కొట్టులో, ఒక బాలింత ఇంట్లో. ఆ బాలింత ఇంట్లో కెమెరా ఎప్పుడూ ఊయల వైపే ఉంచేవారట. వీళ్లు వెళ్లేసరికి అది తల్లి మంచం వైపు తిరిగి ఉంది. తామెవరూ తిప్పలేదని వాళ్లు చెప్పారని నా భర్త ఇంటికి వచ్చి చెప్పాడు. ఆ మాట చెబుతూ ఆయన తడి బట్టలతోనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. సైబర్ క్రైం విభాగంలో ఒక మహిళా అధికారి ఓపిగ్గా విన్నది. కెమెరా తీసుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఆమే ఫోన్ చేసి, "వేరే దేశం సర్వర్ దాకా పోయి ఆగిపోయిందమ్మా. మీ వీడియోలైతే మాకు ఎక్కడా దొరకలేదు" అన్నది. దొరకలేదంటే లేవని కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పగటిపూట ఇప్పుడు పక్కింటామె వచ్చి అత్తమ్మ దగ్గర కూర్చుంటోంది. మొదట్లో అత్తమ్మ ఆమెతో కూడా పెదవి విప్పేది కాదు. "నా సంసారమంతా వానికి చెప్పుకున్న బిడ్డా. వాడు ఇన్నడు" అని ఒకరోజు నా చేయి పట్టుకుని ఏడ్చింది. నేను పక్కన పడుకుని ఆమె నిద్రపోయేదాకా ఉన్నాను.

మొన్న బడికి వెళ్తుంటే బస్సులో ఎదుటి సీటు మనిషి నన్ను పదే పదే చూస్తున్నాడు. చూసి నవ్వాడు. నేను కొంగు మెడ చుట్టూ లాక్కుని కిటికీ వైపు తిరిగాను. నా ముఖం ఇతనికి ఎలా తెలుసు? ఎక్కడ చూశాడు? దిగిపోదామని లేచి నిలబడ్డాను కూడా. బయట అంతా టేకు చెట్లు, మనిషి జాడ లేదు. అతను నా దగ్గరకే వచ్చాడు.

"టీచరమ్మా, గుర్తుపట్టలేదా? మా పిల్ల మీ క్లాసే. లెక్కలు మంచిగ చేస్తుందా?"

"అవ్, మంచిగ చేస్తది" అన్నాను. అతను సంతోషంగా తలూపి తన ఊరు రాగానే దిగిపోయాడు. బడి వచ్చేదాకా నేను కొంగు మెడ చుట్టూ అలాగే పట్టుకుని కూర్చున్నాను.