ఆగండి, పెద్ద సర్కస్ వస్తోంది

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఇక్కడ అమెరికాలో, లైబ్రరీలో పాత సర్కస్ పోస్టర్ ఒకటి ప్రింట్ తీసింది. ముందొచ్చిన సర్కస్‌కి జనం వెళ్లకుండా, ‘ఆగండి’ అంటూ పోటీ కంపెనీలు ఇలాంటివి అంటించేవట.

“ఇట్స్ జస్ట్ ఎ ట్రిక్, డాడీ!” అని నవ్వింది.

నాకు గుప్పున మైదా జిగురు వాసన వచ్చింది. గుర్తుందా మీకు, నా చిన్ననాటి నేస్తాలూ, మన ఊళ్లో చిన్న సర్కస్ దిగిన మర్నాడే గోడలనిండా ‘ఆగండి, పెద్ద సర్కస్ వస్తోంది’ అని పోస్టర్లు పడ్డాయి? పన్నెండు సింహాలన్నారు. చిన్నదాని టికెట్‌కి నాన్నని డబ్బులడగడం నేను మానేశాను. నా మాట నమ్మి మీరూ ఆగారు. చిన్నది వెళ్లిపోయింది, పెద్దది రానే లేదు.

ఆ పోస్టర్లు అంటించింది మా నాన్నే. పెద్దది ఎందుకు రాలేదని ఇందాకే ఫోన్ చేసి అడిగాను.

“రాదని కంపెనీవాడు ముందే చెప్పాడ్రా.”

మరి మొదటి పోస్టర్ మనింటి తలుపుకే ఎందుకు అంటించావు, నాన్నా?