గట్టోళ్ల నెత్తురు

వాగు అవతలి గూడెంలో జంపక్క మాటంటే మాటే. ఇప్పపువ్వు ఏరడానికి ఎప్పుడు కదలాలన్నా, ఏ తగవు తెగాలన్నా అందరూ ఆమె ముఖమే చూసేవారు. చివరికి ఆ పెద్దరికమే ఆమె కొంప ముంచింది.

2004లో, వానలు పడకముందు, మలేరియా సర్వే వాళ్లు వచ్చారు. వాగు అవతలి అన్ని గూడేలూ తిరిగే తీరిక వాళ్లకు లేదు. చీటీ తీస్తే ఈ గూడెం వచ్చిందట.

"కొంతమంది నెత్తురు చుక్క కావాలె అక్కా, జల్దీ పిలువు," అన్నాడు సర్వే ఉద్యోగి రాజేష్.

జంపక్క ఇల్లిల్లూ తిరిగి కండ ఉన్నవాళ్లను ఏరి తెచ్చింది. చుట్టమొస్తే మంచి కోడిని కోస్తాం గానీ తెగులు కోడిని కోస్తామా? ఆమె కూతురు కళావతి అప్పటికే జ్వరంతో దుప్పటి కప్పుకొని వణుకుతోంది.

"జరమొచ్చినోళ్ల ఒంట్ల ఉన్నదే గింత నెత్తురు. అది గూడ ఇస్తే ఏం మిగుల్తది?" అనుకుని తలుపు దగ్గరికి వేసింది. రాజేష్ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ నెత్తుట్లో జ్వరం జాడ లేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందంటారు. ఏరి ఇచ్చిన మెతుకు ఏం చెబుతుంది? వాళ్లు మాత్రం వాగు అవతల ఏ గూడెంలోనూ మలేరియా లేదని తేల్చేశారు. ఆ ఏడు దోమల మందు కొట్టేవాళ్లు వాగు దాటలేదు. మాత్రలూ దాటలేదు.

వానలకు వాగు పొంగింది. డోలీ కట్టి కళావతిని ఒడ్డుదాకా మోసుకొచ్చారు. నీళ్లు తగ్గేలోపే పిల్ల పోయింది. పై గూడేల్లోనూ ఏడుపులే.

"నా బిడ్డను నేనే దాచి చంపుకున్న," అని జంపక్క మట్టిలో పొర్లి ఏడ్చింది.

మరుసటేడు సర్వే జీపు వస్తోందని తెలిసి, జ్వరమొచ్చిన వాళ్లందరినీ తెచ్చి బాట పక్కన కూర్చోబెట్టింది. పొద్దు వాలినా జీపు రాలేదు. ఈసారి చీటీలో పై గూడెం వచ్చిందని దారిన పోయేవాళ్లెవరో చెప్పారు.

జంపక్క అడ్డదారిన పరుగెత్తింది. ఆమె చేరేసరికి జీపు వెళ్లిపోయింది. గూడెం పెద్ద ముసలయ్య సూది గుచ్చిన వేలు చూసుకుంటూ గర్వంగా నిలబడి ఉన్నాడు.

"జరమొచ్చినోళ్లను చూపిచ్చినవా మామా?" రొప్పుతూ అడిగింది.

"వాళ్ల ఒంట్ల నెత్తురెక్కడిది బిడ్డా? మా గట్టోళ్లనే నిలబెట్టిన."

పక్కింట్లో ఎవరో వణుకుతూ మూలుగుతున్నారు.