చేపలు చెక్కిన చెయ్యి

సార్ పోయిన సంగతి నాకు ఆర్డర్ రూపంలో తెలిసింది. హిందూపురంలో నాది ఫ్లెక్సీ షాపు. పొద్దున షట్టర్ తీసేసరికి ఫోన్లో ఒక ఫొటో, పేరు, తేదీలు, వాటి కింద "శ్రద్ధాంజలి, నాలుగు బై మూడు, అర్జెంటు" అన్న మాటలు వచ్చి ఉన్నాయి. పంపింది సార్ కొడుకు. ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పనిచేస్తాడు. నేనెవరో అతనికి గుర్తున్నట్టు లేదు. ఆ ఫ్లెక్సీ నేనే చేశాను. పేరు కింద పుట్టిన తేదీ టైపు చేస్తున్నప్పుడు, ఇన్నేళ్లలో ఆయన వయసెంతో ఒక్కసారి కూడా అడగలేదని తట్టింది.

పెనుకొండ బడిలో ఆయన మాకు డ్రాయింగ్ సార్. రిటైరయ్యాక చెక్క మీద బొమ్మలు చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి అచ్చు తీసేవారు. తలుపులు చేయగా మిగిలిన పలకలను సోమందేపల్లి వడ్రంగి దగ్గర్నుంచి తెచ్చుకునేవారు. ప్రెస్సు లేదు. గరిటె వెనుక వైపుతోనే కాగితాన్ని రుద్దేవారు. ఆయన భార్యను మేం అమ్మ అనేవాళ్లం. గరిటెకు అంటిన నలుపు తోముతూ ఆమె రోజూ ఏదో ఒకటి అనేది.

షాపు పెట్టాక ఆదివారాలు నేను ఆయనతో చెరువుకు పోయేవాణ్ని. గాలానికి పడిన చేపను బక్కెట్లో వేసి, అది ఎట్లా తిరుగుతోందో, ఊపిరి తీసేటప్పుడు చెంప ఎట్లా లేస్తోందో గంటసేపు చూసేవారు. తర్వాత మళ్లీ చెరువులోనే వదిలేసేవారు. నీళ్లను ఎట్లా చెక్కుతారని ఒకసారి అడిగాను.

"నీళ్లను చెక్కేది ఎవురితోనూ కాదప్పా. నీళ్లలో కదిలేదాన్ని చెక్కితే, నీళ్లు వాటికవే వస్తాయి" అన్నారు.

రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తో ఉలి పట్టడం నేర్చుకున్నారు. ఏదో ఒక వేలికి ఎప్పుడూ గుడ్డపీలిక చుట్టి ఉండేది. గీతలు వణికేవి. వాటిని ఆయన సరిదిద్దేవారు కాదు.

మొన్న ఎండాకాలంలో నన్ను పిలిపించారు. ఆర్నెల్లుగా చెక్కుతున్న కొర్రమీను, కన్ను తప్ప అంతా అయిపోయింది.

"కన్ను నువ్వు తియ్యప్పా. నా చెయ్యి మాట ఇనడంల్యా."

కాదనలేకపోయాను. ఉలి జారింది. కన్నుండాల్సిన చోట చింతగింజంత గుంట పడింది. చెక్కలో పోయింది మళ్లీ రాదు. సార్ ఆ గుంటను బొటనవేలితో తడిమి చూశారు.

"పోనీలే. గుడ్డి చేప గూడా ఈదుతాది" అన్నారు చివరికి. నవ్వలేదు. నాకు చెప్పారో, తనకు తాను చెప్పుకున్నారో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నేను పోలేదు. రెండుసార్లు ఫోన్ చేశారు. పెళ్లిళ్ల సీజను, పని ఎక్కువుందని చెప్పాను. అది అబద్ధం కాదు. పోకపోవడానికి కారణం మాత్రం అది కాదు. ఆ చేప ముఖం చూడలేకనే అటు పోలేదు.

ఫ్లెక్సీ తీసుకుని నేనే పెనుకొండ పోయాను. ఇంటి ముందు, పాడె పక్కనే, ఆయన చెక్కిన పలకలన్నీ పేర్చి ఉన్నాయి. తనతోపాటు కాల్చేయమని ఆయనే చెప్పారట. ఒక్కటైనా ఉంచుకోమని అమ్మను బతిమాలాను.

"అచ్చేసే చెయ్యి పోయినాక చెక్కతో పనేముండాది అన్న్యాడప్పా. ఆయన మాట నేను తీసెయ్యలేను" అంది.

లోపలికి పోయి ఒక కాగితం చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను వచ్చేసిన మర్నాడే ఆ కొర్రమీనును అచ్చు వేశారట. ఒకే ఒక్కటి. నేను వస్తే ఇద్దామని దాచి, వాకిలి వైపు చూసేవారట. చుట్ట విప్పాను. గుంటకు సిరా అంటక, కన్ను చోట తెల్లటి మచ్చ. అడుగున పెన్సిలుతో, ఎడమచేతి వంకర అక్షరాల్లో ఆయన సంతకం. దాని పక్కన నా పేరు.

ఆ పలకలను చితి మీద నా చేతులతోనే పేర్చాను. ఏళ్లుగా సిరా తాగిన చెక్కలు, తొందరగా అంటుకున్నాయి. జిడ్డు పొగ లేచింది. చెరువు గట్టు జమ్ముగడ్డి చెక్కిన పలక ఒకటి నాకెదురుగా నిలబడి కాలింది. ఉబ్బెత్తుగా ఉన్న గీతలు ముందు ఎర్రబడ్డాయి. కాసేపు ఒక్కో ఆకూ విడివిడిగా, గాలికి ఊగుతున్నట్టు కనపడింది. తర్వాత పలక నడిమికి విరిగి లోపలికి ఒరిగింది.