దొర దిగే పక్కవాకిలి

కోసిగి మండలంలో జీవాలున్న ఏ ఇంటికి పోయి దావీదురాజు పేరు చెప్పినా, కూర్చోమని ముందు మంచినీళ్లిస్తారు. అది ఊరికే వచ్చిన పేరు కాదు. మిషన్ బడిలో ఐదో తరగతితో పలక పక్కన పెట్టినవాడు, అరవై ఎనిమిదేళ్లు వచ్చేసరికి మూడు మండలాల్లో గొర్రెల విషయంలో తన మాటకు ఎదురు లేకుండా చేసుకున్నాడు. ఈనలేక అల్లాడుతున్న గొర్రె కడుపులో చెయ్యిపెట్టి, అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి బయటికి తీయగలడు. సాయంత్రం దొడ్డిలోకి మంద చేరాక, అరుపులు విని ఏ పిల్ల తప్పిపోయిందో చెప్పగలడు. ఒక కరువు ఏడు తుంగభద్ర ఒడ్డుకు రెండు వందల జీవాలను తోలుకుపోయి, వానలు పడినాక రెండు వందల పదకొండుతో తిరిగొచ్చాడు. పశువుల డాక్టరు నలుగురిలో ఆయనకు శాలువ కప్పాడు. ఆ శాలువ ఇప్పటికీ పెట్టెలో మడత నలగకుండా ఉంది.

ఇన్ని ఉన్నా ఆయన మీసం దువ్వి చెప్పుకునేది మాత్రం లారీ ఎక్కించే పని గురించే.

ఆయన వయసులో ఉన్నప్పుడు, అమ్మిన గొర్రెను లారీ ఎక్కించడమంటే ఒకడు చెవి, ఒకడు వెనక్కాలు పట్టి లోపలికి విసరడమే. అట్లా విసిరిన ఒక గొర్రె కాలు ఆయన కళ్లముందే విరిగింది. అది మూడు కాళ్ల మీద లేచి నిలబడి, అరవకుండా ఆయన దిక్కు చూసింది. వారం రోజులు ఆయనకు అన్నం సయించలేదు. తర్వాత ఒక్కడే గంపతో మట్టి మోసి, ఊరి బయట లారీ ఎత్తుకు ఏటవాలుగా కట్ట పోశాడు. తల్లి చచ్చిన ఒక పొట్టేలుపిల్లను మేకపాలతో సాకి, దానికి ఆ కట్ట ఎక్కడం నేర్పాడు. ఆయన నాలుకను అంగిలికి కొట్టి ‘త్ర్రో త్ర్రో’ అనగానే అది ముందు ఎక్కేది. మంద మొత్తం దాని వెనక ఎక్కేది. అన్నీ ఎక్కినాక అది మాత్రం డ్రైవరు పక్కనున్న చిన్న వాకిలి గుండా దిగొచ్చి, ఆయన జేబులో మూతి పెట్టేది. జేబులో వేరుశనగ కాయలు, ఆ ఊరి మాటలో బుడ్డలు, ఉండేవి. అదే దాని కూలి.

మొదటి పొట్టేలు పేరు సుబేదారు. దాని తర్వాత జమేదారు, ఇంకా ఒకటి రెండు. ఇప్పుడున్నది నల్లమొగం దొర. నలభై ఏళ్లలో ఆ కట్ట మీద ఒక్క జీవం కాలు విరగలేదు. ఆదోని నుంచి, కౌతాళం నుంచి మనుషులు వచ్చి ఆ కట్ట కొలతలు రాసుకుపోయారు.

ఊళ్లో పాతకాలపు చర్చి ఉంది. ప్రతి వేసవిలో ఒక ఆదివారం కాపరుల కోసం ప్రార్థన చేస్తారు. ఆ రోజు పాస్టరు యేసుప్రసాద్ ఆయన్ను లేపి, గొర్రెలు కాపరి స్వరాన్ని ఎట్లా గుర్తుపడతాయో చెప్పమంటాడు. దావీదురాజు నాలుక కొట్టి చూపించి, గొర్రెలకు నమ్మకమంటే ఏమిటో చెప్తాడు. ముసలమ్మలు కళ్లొత్తుకుంటారు. పాస్టరు ఎంత చెప్పినా రాని తడి ఆయన నాలుగు మాటలకు వస్తుందని ఊరంతా ఒప్పుకున్న సంగతే.

ఈ ఏడు ఆ ఆదివారానికి వారం ముందు, మనవరాలు జెస్సీ కర్నూలు కాలేజీ నుంచి సెలవులకు వచ్చింది. ఎండ మండుతున్న మధ్యాహ్నం ఫోనును టీవీకి కలిపి ఒక సినిమా పెట్టింది. ఎక్కడో ఇంగ్లీషువాళ్లు తీసింది, తెలుగు మాటలు అతికించారు. దావీదురాజు మంచం మీద ఒరిగాడు. ఆయన భార్య రత్నమణి గడప దగ్గర కందిపప్పు చెరుగుతూ కూర్చుంది.

“ఎవురు పాపా ఈ పొడుగోళ్లు?” అన్నాడాయన.

“వేరే నక్షత్రం నుంచి వచ్చినోళ్లు తాతా. భూమిని పట్టుకొని మనుషుల్ని మేపుతాండారు.”

“మేపి?”

“తింటారు.”

“పాట ఏమన్నా ఉండాదా, అంతా ఇదేనా?” అంది రత్నమణి.

తెర మీద మనుషులు పెద్ద దొడ్డిలో గుంపులుగా ఉన్నారు. పొడుగువాళ్లు వాళ్ల నోళ్లు తెరిచి పళ్లు చూశారు. చెవులకు బిళ్లలు వేశారు. బక్కవాళ్లను ఒకవైపు, బలిసినవాళ్లను ఒకవైపు వేరుచేశారు. దావీదురాజు లేచి కూర్చున్నాడు. ఇది ఆయన పని. ఇందులో ఆయనకు చెప్పగలిగినవాడు లేడు.

“ఆ గేటు చూడు, లోపలికి తెర్సుకుంటాది. మంద బెదిరి నూక్కుంటే ఇంగ అది తెరుసుకోదు. తెలివిలేనోళ్లు. చెవికి బిళ్ల కూడా శానా కింద ఏసినారు. కంపకు తగులుకుంటే చెవి చినిగిపోతాది.” మళ్లీ తెర దిక్కు చూసి, “నీళ్ల తొట్టి మాత్రం బాగా కట్టినారు,” అని ఒప్పుకున్నాడు.

“పోయి నేర్పించి రాపో,” అంది రత్నమణి చేట ఆపకుండా. “వాళ్లకాడా శాలువ కప్పే డాక్టరు ఉంటాడేమో.”

జెస్సీ నవ్వింది. ఆయనా నవ్వాడు.

తర్వాత తెర మీదికి పెద్ద ఇనప బండి వచ్చింది. మనుషులు దాన్ని చూసి బెదిరి వెనక్కు జరిగారు. అప్పుడు పొడుగువాళ్లలో ఒకడు, అందరికంటే మెత్తగా మాట్లాడేవాడు, గొంతులో చిన్న శబ్దం చేశాడు. గుంపులోంచి మెడకు ఎర్రగుడ్డ కట్టిన ఒక మనిషి వచ్చి, ముందు నడిచి బండెక్కాడు. అతన్ని చూసి మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ఒక తల్లి చంకలో పిల్లను సర్దుకుంటూ ఎక్కింది. తలుపు మూశాక, ఎర్రగుడ్డ మనిషి పక్కవాకిలి నుంచి ఒక్కడే దిగాడు. మెత్తనివాడు అతని తల నిమిరి చేతిలో ఏదో పెట్టాడు. అతను అక్కడే నిలబడి తిన్నాడు.

దావీదురాజు ఈసారి తప్పేమీ పట్టలేదు. పట్టడానికి అందులో ఏమీ లేదు. పని అచ్చం తను చేసినట్టే ఉంది.

సినిమా అయిపోయాక జెస్సీ ఫోను తీసుకుంటూ అడిగింది. “తాతా, మన దొరకు తెలుసా, ఆ లారీ యాడికి పోతాదో?”

“వానికేం తెలుసు? బుడ్డల కోసరం ఎక్కుతాడు, దిగుతాడు.”

“నీకు?”

“తెలీకేం.”

“ఎప్పుడన్నా పోయి చూసినావా?”

రత్నమణి చేట కింద పెట్టింది. “ఆయప్పకు ఆడేం పని? కాళ్లు చేతులు కడుక్కొని టీ పెట్టు పో.”

జెస్సీ పోయింది. ఆమె దెప్పడానికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. ఆయనకు అదే బాధయింది. నలభై ఏళ్లలో తను ఎక్కించిన జీవాలు వేలల్లో ఉంటాయి. ఒక్కదాని వెంటా కట్ట దాటి పోలేదు.

శుక్రవారం పొద్దున వ్యాపారి రామాంజి లారీ తెచ్చాడు. ఈసారి పోవలసినవి ఊరివాళ్లవి కాదు, దావీదురాజు సొంత పొట్టేళ్లు ముప్పై రెండు. మేపడం, అమ్మడం ఆ ఇంటి బతుకు. బేరం నెల కిందటే కుదిరింది, దాన్ని వెనక్కు తీసుకోవాలని ఆయన అనుకోలేదు. కానీ ఆ ‘త్ర్రో’ శబ్దం ఇక తన నోటినుంచి రాకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాడు. దొరను ఇంటిదగ్గర గుంజకు కట్టేసి వచ్చాడు. అలవాటు కొద్దీ జేబు నిండా కాయలు పోసుకున్న సంగతి మాత్రం గమనించలేదు.

“దొర యాడ మామా?” అన్నాడు రామాంజి.

“రాడు. మీ మనుషులున్నారు కదప్పా, ఎక్కించుకోండి.”

“ఏమి, మాతో ఏమన్నా తప్పు జరిగిందా?”

“లేదులే. కానీండి.”

రామాంజి మనుషులిద్దరు కొమ్ములు పట్టి మొదటిదాన్ని లాగారు. అది కాళ్లు తన్నిపట్టింది. మోకాళ్ల మీద కట్ట పొడవునా ఈడ్చుకుపోయారు. మట్టిలో రెండు గీతలు పడ్డాయి. రెండోది పెనుగులాడి, కట్ట మీంచి లారీకి వేసిన చెక్కపలక సందులో కాలు ఇరికించుకుని, మనిషి గొంతుతో అరిచినట్టు అరిచింది. మిగతా ముప్పై చెదిరిపోయి, ఎటు పోవాలో తెలియక, చివరికి దావీదురాజు దగ్గరికే వచ్చాయి. ఆయన పంచె చుట్టూ చేరి తలలు కాళ్లకు ఆనించి నిలబడ్డాయి. మూడు కాళ్ల మీద నిలబడిన ఆనాటి గొర్రె ఆయనకు గుర్తొచ్చింది. పిలిస్తే మోసం. పిలవకపోతే ఇది. ఈ రెండూ కాని మూడో దారి నలభై ఏళ్ల అనుభవంలో ఎక్కడా కనబడలేదు.

“వదలండప్పా,” అన్నాడు. ఆ కాలును మెల్లగా సందులోంచి తప్పించి, తడిమి చూశాడు. ఎముక బాగానే ఉంది.

తర్వాత నోరు విప్పకుండా కట్ట ఎక్కి, లారీలోకి నడిచాడు. వెనక్కు తిరిగి చూడలేదు. డెక్కల చప్పుడు పలక మీద మొదలై, ఒక్కటీ మిగలకుండా లోపలికి వచ్చింది.

“దొర లేకున్నా పనైపాయ కదా మామా,” అని నవ్వాడు రామాంజి. “ఇంగ దిగు.”

“బండి పోనీ. ఆడిదాంక నేనూ వస్తా.”

“ఈ ఎండకా? వచ్చేటట్లుంటే ముందు సీట్లో కూసో.”

“ఈడే బాగుంది.”

రామాంజి ఆయన మొగంలోకి చూసి, వెనక తలుపు వేయించి బండి కదిలించమన్నాడు. ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు దాటాయి. దావీదురాజు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కుదుపు వచ్చినప్పుడల్లా అవి ఆయన మీదికి ఒరిగాయి. కాసేపటికి అలవాటు పడి కొన్ని నెమరు వేయడం మొదలుపెట్టాయి. ఆయన పక్కన ఉన్నాడు కాబట్టి వాటికి ఇది ఇంకో మేత బయలు దారి, అంతే. కల్లూరు దగ్గర కొత్త ఇళ్లు, షేర్ ఆటోలు, కట్టెల మిల్లులు దాటి, లారీ నీలిరంగు రేకులు కొట్టిన కబేలా ప్రహరీ లోపలికి మళ్లింది.

వెనక తలుపు తీసి పలక వేశారు. ఒక్కటీ దిగలేదు. కొత్త వాసన తగిలి అన్నీ వచ్చి ఆయన చుట్టూ బిగుసుకున్నాయి. ఇద్దరు మనుషులు కొక్కీ కర్రలు తీసుకుని పైకెక్కబోయారు.

“మామా, ఎంతసేపని నిలబడతావు?” అన్నాడు రామాంజి మెల్లగా. “నువ్వు దిగితే అవి దిగుతాయి. లేకుంటే వాళ్లు లాగుతారు.”

దావీదురాజు కొక్కీ కర్రల దిక్కు చూశాడు. దిగాడు. నాలుక కదపలేదు, చెయ్యి ఊపలేదు. ముప్పై రెండూ ఆయన వెనక దిగాయి. సన్నని దారిలో ముప్పై అడుగులు నడిచాడు. ఎదురుగా లోపలి తలుపు. దాని పక్కన గోడకు మనిషి పట్టేంత ఇంకో చిన్న వాకిలి. అక్కడున్న పనివాడు ఆయన భుజం పట్టుకుని మర్యాదగానే అన్నాడు. “నువ్వు ఇట్ల రా పెద్దాయనా. అది వాటికి.”

ఆయన పక్కవాకిలి గుండా బయటికి వచ్చాడు. వెనక తలుపు మూసుకుంది. వాటిలో ఒక్కటీ అరవలేదు.

ఆదివారం చర్చి నిండింది. జెస్సీ ఆడవాళ్ల వైపు వాళ్ల అవ్వ పక్కన కూర్చుంది. పాటలయ్యాక పాస్టరు యేసుప్రసాద్ నవ్వుతూ ఆయన్ను లేపాడు. “మన దావీదురాజన్న ఏటేటా చెప్పే సాక్ష్యమే. కాపరి స్వరాన్ని గొర్రెలు ఎట్ల నమ్ముతాయో, ఆయన నోట వినాల.”

దావీదురాజు లేచాడు. ముందు వరుసలో ముసలమ్మలు అప్పుడే కొంగులు సర్దుకున్నారు. నాలుక కొట్టి చూపిస్తాడని పిల్లలు ఎదురుచూశారు.

“ఇంటాయి,” అన్నాడు. “కాపరి మాట గొర్రెలు శానా బాగ ఇంటాయి. మాట లేకున్నా వస్తాయి. యాడికని అడగవు.”

ఇంకా ఏదో చెప్తాడని పాస్టరు కాచుకున్నాడు. ఆయన చెయ్యి జేబులోకి పోయింది. శుక్రవారం నాటి కాయలు, ఎవరూ తినకుండా, అట్లాగే ఉన్నాయి. వాటిని పిడికిట్లో పట్టుకుని ఆయన కూర్చున్నాడు.